నాయన చుట్టిన దూది బిరడాలు

జూన్ 9, 2025, సోమవారం, తిరుపతి

రిపోర్టు వచ్చింది. ఇంకా తెరవలేదు.

జూన్ 9, సాయంత్రం

తెరిచాను. పులికాట్-17 జన్యువరస, పదిహేడు వందల చిల్లర అక్షరాలు. పోలిన వాటి జాబితాలో మొదటి పేరు చూసి ముందు నవ్వొచ్చింది. అది నా జూనియర్ జాహ్నవి నాచు. పోల్చి చూసుకోవడానికి నాచు రకాలను భద్రపరిచే కల్చర్ బ్యాంకు నుంచి తెప్పించి మా ల్యాబులో పెంచుతున్న రకం. నా అరలోనే, నా ఫ్లాస్కుల పక్కనే ఉంటుంది. నాదేమో నాలుగేళ్ళ కిందట జాలరి దేవరాజులు పడవలో కూర్చుని పులికాట్ నీళ్ళలోంచి నేను పట్టుకొచ్చినది. చుక్క చుక్కగా పలచన చేసి, అగర్ జెల్లీ మీద గీతలు గీసి, ఒక్క కణాన్ని వేరు చేయడానికి ఏడు నెలలు పట్టింది. పదహారు చచ్చాయి. పదిహేడోది బతికింది.

రెండు వరసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు.

కంగారు పడాల్సిందేమీ లేదు. ఈ జన్యువు చాలా నిదానంగా మారేది, దగ్గరి చుట్టాలందరిలో ఒకేలా ఉంటుంది. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి. ఎక్కడో దొరికిన రకం పులికాట్‌లోనూ దొరకొచ్చు. జూలై 30న ప్రీ-సబ్మిషన్ సెమినార్. "పులికాట్ సరస్సు నుంచి వేరుచేసిన, జీవ ఇంధనానికి అనువైన కొత్త నాచు రకం" అని థీసిస్ పేరులోనే ఉంది. జర్నల్‌కు పేపరు కూడా పంపేశాం. ఇంకో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

జూన్ 10

"రిపోర్టు వచ్చిందా హబీబా?" అని యశోదమ్మ మేడమ్ అడిగారు. నా గైడు ఆవిడ. ఇన్నేళ్ళలో ఆవిడకు ఒక్క అబద్ధం చెప్పలేదు. ఇంకా రాలేదు మేడమ్ అన్నాను.

జూన్ 12

మైక్రోస్కోపు ముందు రెండు గంటలు కూర్చున్నాను. పచ్చగా, గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. కదలడం లేదు. మొదట్లో కదిలేవి. ఫ్లాస్కుల్లో ఏళ్ళ తరబడి పెరిగితే తోకలు పోగొట్టుకునే రకాలున్నాయని పుస్తకాల్లోనే ఉంది. కొలిచాను, మూడు మైక్రాన్లు. మొదటి ఏడాది నోటుబుక్కులో అయిదు అని ఉంది. నూనె పెరగాలని నైట్రేటు తగ్గించి మాడుస్తున్నాం కదా, ఆకలికి చిక్కిపోయి ఉంటాయి.

ఫ్లాస్కులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మూతులకు పెట్టిన దూది బిరడాలన్నీ ఆటోక్లేవులో ఆవిరికి పెట్టి క్రిములు చంపినవే.

జూన్ 15, ఆదివారం, పాకాల

పొద్దున రైలుకు ఇంటికొచ్చాను. నాయన పోయి మూడు నెలలు దాటింది. రంజాను నెలలో, పదో ఉపవాసం రోజు పోయాడు. యాభై ఏళ్ళు దూది దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఇక మావల్ల కాదన్నాయి. అంగడి తలుపు అమ్మ ఇంకా రోజూ తీస్తోంది. పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఎప్పుడో తగ్గిపోయారు, ఇప్పుడంతా ఫోము పరుపులే. అయినా తలుపు తీసి, ఊడ్చి, దూది మూట పక్కన కాసేపు కూర్చుని మళ్ళీ మూసేస్తుంది.

నా ఫ్లాస్కులకు బిరడాలు నాయనే చుట్టేవాడు. మొదటి ఏడాది మందుల షాపు దూది పెడితే అది తడిసి, బూజు పట్టి సగం నమూనాలు పోయాయి. ఇంటికొచ్చి ఏడ్చాను. నాయన పగలబడి నవ్వాడు.

"మందులంగడి దూది నీళ్ళు తాగతాది పాపా. కడిగి కడిగి దాంట్లో నూనంతా తీసేసింటారు. కడగని పత్తి తాగదు. గాలి పోతాది, నీళ్ళు పోవు. నన్ను ఒక మాట అడిగింటే అయిపోయేది గదా. దూదేకేవాని కూతురువి, దూది దెల్వకపాయ నీకు!"

ఏకిన దూదిని పొరలుగా పరిచి, బిగించి చుట్టి, పైన పలచటి గుడ్డ వేసి, పరుపులకు వాడే ఎర్ర దారంతో ముడి వేశాడు. ఫ్లాస్కు మూతి నుంచి లాగితే టప్పుమనేది. ఆ తర్వాత ల్యాబు మొత్తానికి సంచి నిండా పంపేవాడు. జాహ్నవికి కూడా ఆయన బిరడాలే. ప్రతి సంచితోనూ ఒకటే మాట. "మూడు తూర్లు వాడి పారెయ్. ఆవిరి తగిలే కొద్దీ దాంట్లో నూన పోయి నీళ్ళు తాగేదానికి మొదలుబెడతాది. పారేసేదానికి ఎనకాడొద్దు, దూదికేం కరువు."

మధ్యాహ్నం అన్నాల తర్వాత అమ్మ అడిగింది. "మీ నాయన ఒకతూరి నీ కాలేజీకొచ్చి ఆ పచ్చ పురుగును సూసి మాట్లాడిండేది నీ ఫోన్లో ఉండాది గదా మే. పెట్టు, గొంతు ఇంటాను."

పాత ఫోను చెడిపోయింది, అది అందులో ఉండిపోయిందమ్మా అన్నాను.

పాత ఫోను నా సంచిలోనే ఉంది. వీడియో అందులోనే ఉంది. ఆయన పోయినప్పటి నుంచి తెరవలేదు. ఆ గొంతు వింటే నేను తట్టుకోలేను. అంతే, ఇంకే కారణమూ లేదు.

జూన్ 16

రెండో పరీక్షకు పంపాను. ఇది త్వరగా మారే జన్యువు. తేడా ఉంటే ఇందులో పట్టుబడుతుంది. మేడమ్‌కు చెప్పలేదు.

జూన్ 23

జాహ్నవి నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. నాకంటే రెండేళ్ళు చిన్న, చిత్తూరు పిల్ల, కడుపులో మాట దాచుకోలేదు.

"అక్కా, నీ పదిహేడూ నా కంట్రోలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకే తెలీలేదు. లేబుల్ సూసి కనుక్కున్నా."

"రెండూ పచ్చనివే కదా."

"ముందు నీది రవంత లేతగా ఉండేది గదక్కా. మార్చిలో ఆటోక్లేవు చెడిపోయి ఉండె సూడు, అప్పుడేమన్నా..."

"నా బిరడాలన్నీ ఆవిరికి పెట్టినవే!"

అంత గట్టిగా అనాలనుకోలేదు. పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. జాహ్నవి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం టీకి పిలిస్తే వచ్చింది గానీ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించానని నాకే సిగ్గేసింది.

జూలై 3, పులికాట్

సెమినార్‌కు నాలుగు ఫోటోలు కావాలని వెళ్ళాను. అది సాకే. ఊరికే ఆ నీళ్ళు చూడాలనిపించింది.

ఈ నెలలో సరస్సు చూడకూడదు. ఇటువైపు సగం ఎండి నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. దేవరాజులు తన పడవకు తారు పూస్తున్నాడు. నాలుగేళ్ళుగా నన్ను నీళ్ళలోకి తీసుకెళ్ళేది ఆయనే. సీసా ముంచే ముందు చుక్క నాలుక మీద వేసుకుని ఉప్పు ఎంతో చెప్పేవాడు. నా మీటరుకూ ఆయన నాలుకకూ ఎప్పుడూ పెద్ద తేడా రాలేదు.

"రామ్మా, రా. ముప్పయ్యో తేదీ నీ మీటింగుకు నేనూ మా ఇంటామె వస్తా ఉండాం. మా నీళ్ళల్లోది డీజిలవతాదని నువ్వు జెప్తా ఉంటే ఇనాల. రొయ్య పోయింది, చేప తగ్గింది, సముద్రం కలిసే మొగ పూడిపోయి నీళ్ళే సరిగా రావడంలేదు. ఇంక ఈ నీళ్ళల్లో ఏముందిరా అనేవోళ్ళకు, ఇదో ఇది ఉండాదని జెప్పుకుంటా ఉండా."

రండి అన్నాను. తిరుగు రైల్లో సూళ్ళూరుపేట నుంచి గూడూరు దాకా కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

జూలై 11

రెండో రిపోర్టు. ఒక్క అక్షరం తేడా లేదు.

జూలై 12

సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి.

జూలై 13, ఆదివారం

ఇంటికి వెళ్ళలేదు. నూనె శాతం గ్రాఫు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడేళ్ళు ఆ గీత నేల మీద పాకింది. పద్దెనిమిది, పంతొమ్మిది, మళ్ళీ పద్దెనిమిది. మార్చి ఆఖరులో తల ఎత్తి, ఏప్రిల్ సగానికల్లా ముప్పై ఎనిమిది. రంగు వేసి చూస్తే ప్రతి కణంలోనూ నూనె పసుప్పచ్చగా వెలిగింది. మేడమ్ నా భుజం తట్టారు. నలభయ్యో దినం ఫాతిహా ప్రార్థనకు ఇంటికెళ్ళినప్పుడు, నాయన పైనుంచి దువా చేశాడమ్మా అన్నాను. నమ్మాను కూడా.

నాయన పోయింది మార్చి 11. పది రోజులు పాకాలలో ఉన్నాను. నేను తిరిగొచ్చిన వారమే ఆటోక్లేవు చెడిపోయి ఉంది. గీత లేచింది ఆ తర్వాత.

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

జూలై 14

అన్నీ ఆవిరికి పెట్టినవి కావు.

నేను తిరిగొచ్చిన రోజు జాహ్నవి తన పాత ఫ్లాస్కులు కడుగుతోంది. పారేసే బుట్టలో నాయన బిరడాలు తొమ్మిది ఉన్నాయి. తడిసి, అంచులు పచ్చబడి ఉన్నాయి, ఎర్ర దారం ముడులు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ పిల్ల నాయన చెప్పినట్టే మూడుసార్లు వాడి పారేసింది. తను అటు తిరగ్గానే తొమ్మిదీ తీసుకున్నాను. ఆ చేతులు ఇంకొకటి చుట్టవు కదా.

బాల్కనీ ఎండలో ఆరబెట్టాను. పైన ఆరాయి, లోపల ఆరాయో లేదో చూడలేదు. ఆటోక్లేవు లేకపోతే ప్రెషర్ కుక్కరు ఉంది, మొదటి ఏడాదంతా దాంతోనే నెట్టుకొచ్చాం. పెట్టలేదు. ఇంకోసారి ఆవిరి తగిలితే దూది అణిగి, నాయన చుట్టిన ఆకారం పోతుందనిపించింది. దీపం మంట మీద అటూ ఇటూ చూపించి, మొదటి నెల చదువుకునే పిల్లలు కూడా చేయని పని, నా పదిహేడో నంబరు ఫ్లాస్కులకు పెట్టేశాను. రోజుకు రెండుసార్లు కుదిపాను. దూది నీళ్ళు తాగింది. అందులో దాగి ఉన్న జాహ్నవి నాచు కిందికి దిగింది. అది నా దానికంటే జోరుగా పెరిగే రకం. నెల తిరిగేసరికి నాది లేదు. నూనె పెరిగిందన్న సంబరంలో నిల్వ ట్యూబులన్నీ ఆ ఫ్లాస్కుల నుంచే కొత్తగా నింపి, పాతవి పారేశాను.

నాయన చేతివి కాకపోతే పారేయడానికి నాకు చేతులొచ్చాయి.

ఇదంతా నాకు జూన్ 9నే తెలుసు.

జూలై 15

తెలుసని రాసేశాను గానీ రుజువేముంది? మొదటి ఏడాది ఫోటోలన్నీ రంగు వేసి చంపిన కణాలవి, మసకగా ఉన్నాయి. అయిదు మైక్రాన్లని నేను తప్పు కొలిచి ఉండొచ్చు. కదిలేవనేది నా జ్ఞాపకం మాత్రమే. సెమినార్‌కు పదిహేను రోజులుంది. ఎవరూ అడగరు. కణాలు బతికుండగా తీసింది నాయన మాట్లాడిన ఆ ఒక్క వీడియోనే.

జూలై 18

పాత ఫోను ఛార్జింగుకు పెట్టాను. తీసేశాను. మళ్ళీ పెట్టాను.

జూలై 20, ఆదివారం, పాకాల

"అమ్మా, ఫోను చెడిపోలేదు. నీతో అబద్ధం చెప్పాను."

అమ్మ కోప్పడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, అంగట్లో దూది మూట మీద నా పక్కన కూర్చుంది.

నలభై సెకన్ల వీడియో. మైక్రోస్కోపుకు ఫోను ఆనించి తీసింది, చుట్టూ నలుపు, నడుమ గుండ్రటి వెలుగు. ముందు నాయన దగ్గు. తర్వాత గొంతు.

"యాడుండాది? నాకేం కనపడ్లేదే... ఆ! ఆ! ఈదతా ఉండాది పాపా! బొంగరం మాదిరి తిరక్కుంటా పోతా ఉండాది సూడు. యాడికబ్బా దీనికంత తొందర? కండ్లుండాయా?"

"కండ్లు లేవు నాయనా. వెల్తురు దెలస్తాది. దాని పక్కకు పోతాది." ఇది నా గొంతు. అప్పుడెంత సంతోషంగా ఉన్నానో.

"రవ్వంత పురుగు, అదే దోవ దెల్సుకోనుండాది. దీన్ని బాగా సూసుకో పాపా."

అక్కడితో అయిపోయింది. అమ్మ మళ్ళీ పెట్టమంది. పెట్టాను. ఆరుసార్లు పెట్టించుకుంది. అమ్మ కళ్ళు మూసుకుని వింటోంది, నేను కళ్ళు తెరుచుకుని చూస్తున్నాను. కోడిగుడ్డు ఆకారంలో లేత పచ్చ కణాలు, మెలికలు తిరుగుతూ వెలుగులోకి దూసుకుపోతున్నాయి. నా ఫ్లాస్కుల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు.

ఏడుపు ఆగలేదు. నాయన కోసమనుకుని అమ్మ నా తల నిమిరింది. "ఏడు మే, ఏడు. ఆయన పోయినప్పుడు గూడా నువ్వు సరిగా ఏడ్సలేదు." అప్పుడు అంతా చెప్పేశాను. బుట్టలోంచి తీసుకున్నది, ఎండకు పెట్టింది, మంట మీద చూపించింది, మేడమ్‌తో అబద్ధం, అన్నీ. నాచు సంగతి అమ్మకెంత అర్థమైందో తెలియదు. దూది సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది.

"మూడు తూర్లు వాడి పారెయ్‌మని జెప్పినాడు గదా మీ నాయన."

"చెప్పాడు."

"మల్ల? ఆయన ఆ దూదిలో కూసోనుండాడనుకుంటివా?"

అమ్మ వీధి వైపు తిరిగింది. స్టేషన్లో ఏదో బండి వచ్చి వెళ్ళింది.

"మీ మేడమ్‌కు జెప్పు. సదువు పోతే పోనీ, వస్తే రానీ. ఈ అంగట్లో పాత దూది కలిపి కొత్త పరుపని ఎవురికీ ఇయ్యలేదు మీ నాయన. ఇంట్లో పొయ్యి ఎలగని దినాలు గూడా ఉండినాయి. అప్పుడూ ఇయ్యలేదు."

జూలై 21

చెప్పాను. రెండు రిపోర్టులూ, గ్రాఫూ, ఫోనూ బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పాను. మేడమ్ వీడియో రెండుసార్లు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎప్పుడొచ్చింది మొదటి రిపోర్టు?"

"జూన్ తొమ్మిదిన మేడమ్."

"నలభై రోజులు." ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. "ఒక్క నెలలో నూనె రెండింతలైతే, ఎందుకైందమ్మా అని నేనడగాల్సింది. సంతోషపడి ఊరుకున్నాను. ఆ తప్పు నాది. దాచింది నీది. పేపరు వెనక్కి తీసుకుంటున్నామని లెటరు నువ్వే రాయి, ఇద్దరం సంతకం చేద్దాం. సెమినార్ లేదని ఆఫీసులో నేను చెప్తాను."

"నన్ను తీసేస్తారా మేడమ్?"

"ముందు లెటరు రాయి" అన్నారు. తర్వాత, నేను తలుపు దాకా వెళ్ళాక, "మీ నాయన గొంతు బాగుంది" అన్నారు.

జాహ్నవికి కూడా చెప్పాను. క్షమించమన్నాను. "నేనా బుట్ట అప్పుడే ఖాళీ చేసింటే అయిపోయేది గదక్కా" అని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జూలై 22

దేవరాజులుకు ఫోను చేశాను. అన్నిటికంటే కష్టమైన ఫోను ఇది. అంతా విని, ఆయన ఒకటే అడిగాడు. "అయితే మా నీళ్ళల్లోది యాడికి పోయిందమ్మా?"

"మీ నీళ్ళలోనే ఉంటుంది. నా దగ్గర ఉన్నదాన్ని నేను పోగొట్టుకున్నాను."

"మొగ తెరుచుకోనీ. వానలు పడి, సముద్రం లోపలికొచ్చినాక రా. తీసకపోతా." తర్వాత అన్నాడు, "మా ఇంటామె కొత్త చీర తీసిపెట్టుకోనుండె, మీటింగుకని."

జూలై 30

ఈ రోజు సెమినార్ ఉండాల్సింది. పులికాట్-17 అని రాసిన ఫ్లాస్కులన్నీ బ్లీచింగు నీళ్ళలో ముంచి కడిగాను. తొమ్మిది బిరడాలు కుక్కర్లో పెట్టి, ఆవిరి పట్టించి, బుట్టలో వేశాను. ఎర్ర దారం ముడి ఒకటి విప్పి ఈ డైరీలో పెట్టుకుందామనుకున్నాను. పెట్టుకోలేదు.

ఆగస్టు 10, ఆదివారం, పాకాల

అమ్మ అంగట్లో మిగిలిన ఆఖరి దూది మూట విప్పింది. ఇద్దరం కూర్చుని చుట్టాం. నావి వదులుగా వచ్చాయి. "లోపల్నించి బిగించుకోని రావల్ల మే, పైన గాదు" అని అమ్మ నా వేళ్ళు పట్టుకుని చూపించింది. నాయన చుట్టేటప్పుడు ఎన్నోసార్లు పక్కనే కూర్చున్నాను, ఒక్కసారి కూడా నేర్చుకోలేదు.

మొదటి ఇరవై పారేశాం. పారేయడం కూడా కొద్దికొద్దిగా వస్తోంది.

సెప్టెంబర్ 2

థీసిస్ గడువు ఏడాది పొడిగించారు. ఏడాదిలో ఏమవుతుందో తెలియదు. మొదటిసారి ఒక్క కణం వేరు చేయడానికే ఏడు నెలలు పట్టింది.

అక్టోబర్ 26, పులికాట్ నుంచి వచ్చి

నీళ్ళొచ్చాయి. మొగ కొంచెమే తెరుచుకుంది, అయినా వచ్చాయి. దేవరాజులు చుక్క నాలుక మీద వేసుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉండాది, ముంచమ్మా" అన్నాడు. పన్నెండు సీసాలు నింపాను.

ల్యాబుకు రాగానే ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. ఈదేవి చాలా ఉన్నాయి. అందులో నాయన చూసినది ఉందో లేదో తెలియదు. ఉందని రాయాలనిపించింది. రాయడం లేదు.

రేపటి ఫ్లాస్కులకు కొత్త బిరడాలు ఆటోక్లేవులో పెట్టాను. పదిహేను నిమిషాలు, పూర్తిగా, పక్కన నిలబడి చూశాను. బయటికి తీశాక ఒక్కోదాని గుడ్డ మీద సిరాతో ఒక్కో చుక్క పెట్టాను. మూడు చుక్కలైన రోజు పారేస్తాను.